సమస్య: “పెద్ద పొత్త మోడె పేజి గెలిచె”

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇది, పై మూడూ మీవి. విషయం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు కట్టి పాచికలు వేస్తూ రూల్ పుస్తకాలతో ఆడే కథల ఆట, అందులోనూ రెండు పుస్తకాలు రెండు మాటలు చెప్పినప్పుడు లేచే గొడవ. పద్యం కింద ఏ రూల్ గురించో ఒక ముక్క రాయండి, లేకపోతే అర్థం కాక చస్తాం.

పాచికలపంతులు:
గురికి పాచికేల? కొట్టు మంత్రశరము
అనుచు పేజిలోన నచ్చు పడియె
వేయి చోట్ల వేరె విధి యున్న నేమాయె
పెద్ద పొత్త మోడె పేజి గెలిచె

మ్యాజిక్ మిసైల్ అండి. మామూలు దాడికి ఇరవై ముఖాల పాచిక వేసి తగిలిందో లేదో చూడాలి, ఈ మంత్రానికి ఆ పని లేదు, మూడు బాణాలూ తగలాల్సిందే. సాధారణ నియమానికీ ప్రత్యేక నియమానికీ పడకపోతే ప్రత్యేకమే గెలుస్తుందని ఈ ఆట ముఖ్య రూల్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2014 కూర్పు మొదట్లోనే ఉంది. వ్యాకరణంలో ఉత్సర్గాన్ని అపవాదం తోసేసినట్టు.

నిర్వాహకుడు: గు–కొ యతి చక్కగా పడింది. ‘కొట్టు’ అని ధీమాగా అన్నారు గానీ, ఎదుటివాడు షీల్డ్ మంత్రం వేస్తే ఆ బాణాల దెబ్బే ఉండదు, అది ఇంకో పేజీ! పైగా ఇక్కడ ఓడిందీ గెలిచిందీ ఒకే పుస్తకంలోవి, నేనడిగింది రెండు పుస్తకాల పేచీ.

గుహలో గుమాస్తా:
ఎల్ఫు కున్న విద్య యితరుల కందదు
అనెను పాత పొత్త మదియు మారె
టాష కాగు నుండి టక్కున పైదేలి
పెద్ద పొత్త మోడె పేజి గెలిచె

బ్లేడ్‌సింగర్, అంటే కత్తి పట్టే మాంత్రికుడు. 2015 స్వోర్డ్ కోస్ట్ పుస్తకంలో ఆ విద్య ఎల్ఫు, హాఫ్-ఎల్ఫు జాతుల పాత్రలకు మాత్రమే. 2020లో ‘టాషాస్ కాల్డ్రన్’ (టాషా కాగు) పుస్తకం ఆ షరతు ఎత్తేసింది.

పాచికలపంతులు: ‘పైదేలి’ పోయి పెద్ద పొత్తానికి అంటుకుంటోందండీ, కాగులోంచి తేలిందే ఓడినట్టయింది. ‘టక్కు నొకటి తేల’ అనండి, గణాలు చెడవు. ఇంకోటి, ఆ రెండు పుస్తకాల్లో ఓడిందే సన్నది.

గుహలో గుమాస్తా: పెద్ద అంటే వయసులో పెద్ద, లావులో కాదు.

నిర్వాహకుడు: సమర్థన చెల్లింది! కానీ పంతులుగారి సూత్రం ఇక్కడ పెడితే తిరగబడుతుంది చూడండి. ‘ఎల్ఫులకే’ అన్నదే ప్రత్యేకం కాబట్టి పాతదే గెలవాలని ఎవరైనా వాదించొచ్చు. ఒకే సంగతిని రెండుసార్లు అచ్చేసినప్పుడు ప్రత్యేకం, సాధారణం అన్న లెక్క పనికిరాదు, తర్వాత వచ్చినది ముందుదాన్ని కొట్టేసిందా అన్నదే చూడాలి. ఆ షరతును ఆట నడిపే డీఎం తీసేయొచ్చని పాత పుస్తకమే ఒప్పుకుంది కూడా.

ఐదోమెట్టు మాంత్రికుడు:
గాయ మాన్పు మంత్ర గణితము మారెను
ఒకటి వేయు చోట నొకటి పెరిగె
రెంట నేది యనగ రిఫరి కొత్తది చూప
పెద్ద పొత్త మోడె పేజి గెలిచె

క్యూర్ వూండ్స్. మొదటి మెట్టులో వేస్తే 2014 హ్యాండ్‌బుక్‌లో ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, 2024 కూర్పులో రెండు. మా టేబుల్ మీద రెండు పుస్తకాలూ ఉంటాయి, అదీ టెన్షన్.

నిర్వాహకుడు: నాకు నచ్చింది ఇదే, తీర్పు పుస్తకానికి వదలకుండా మనిషి చేతిలో పెట్టారు. అయితే గాయాలు మాన్పే క్లెరిక్ పాచికలు చేతిలోకి తీసుకున్నాక ‘ఏది’ అని అడిగితే ఎవడైనా ఎక్కువొచ్చే పుస్తకమే పట్టుకొస్తాడు. మూడో పాదం ఇలా మారిస్తే?

రెంట నేదొ మునుపె రిఫరి తేల్చెను గాన

ఐదోమెట్టు మాంత్రికుడు: పాదం తీసుకుంటున్నా. మునుపే తేల్చే రిఫరీని మాత్రం ఇంతవరకు చూళ్ళేదు.