బ్యాటరీ మార్చాక సిగ్నల్ పోయింది: మళ్ళీ ఇంట్లోనే విప్పాలా, షాపుకే ఇవ్వాలా?

ఆమదాలవలస: మా తమ్ముడు ఆన్‌లైన్‌లో బ్యాటరీ తెప్పించి ఇంట్లోనే మార్చాడు. ఫోన్ ఆన్ అవుతోంది, చార్జింగ్ ఎక్కుతోంది, వైఫై వస్తోంది. సిమ్‌కి మాత్రం సిగ్నల్ లేదు. వేరే సిమ్ వేసినా అంతే. శ్రీకాకుళంలో ఒక షాపులో అడిగితే, ఫోన్ విప్పి చూడకుండానే నెట్‌వర్క్ ఐసీ (సిగ్నల్ పని చూసే చిప్పు) పోయిందన్నారు. తమ్ముడు మళ్ళీ విప్పుతానంటున్నాడు, నాన్న వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

నరసన్నపేట: షాపుకే ఇవ్వండి. నేను ఈ పనిలోనే ఉన్నాను. స్క్రూలన్నీ చూడ్డానికి ఒకటే, పొడవులు వేరు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే బోర్డు పొరల్లో లైన్లు తెగుతాయి. ఇళ్ళల్లో ఫోన్లు విప్పడమే తప్పు.

విజయనగరం: స్క్రూల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం అన్నగారూ. విప్పడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను. నిన్నటిదాకా పనిచేసిన ఐసీ సరిగ్గా బ్యాటరీ మార్చిన పూటే పోయిందని చూడకుండా ఎలా చెప్తారు? చెయ్యి ఎక్కడ తగిలిందో ముందు అక్కడ చూడాలి.

విప్పకముందే కొంత తేలిపోతుంది. డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి. 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, రావాలి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్తే బేస్‌బ్యాండ్ వెర్షన్ (మోడెమ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్) కూడా కనిపించాలి. రెండూ ఉంటే మోడెమ్, అంటే నెట్‌వర్క్‌తో మాట్లాడే చిప్పు, బతికే ఉంది, అనుమానం యాంటెన్నా మీదికి పోవాలి. బేస్‌బ్యాండ్ దగ్గర అన్‌నోన్ అని ఉంటే ఇక ఇంట్లో ముట్టుకోవద్దు, మైక్రోస్కోప్ ఉన్న షాపుకి తీసుకెళ్ళండి.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మెయిన్ యాంటెన్నా అడుగున, చార్జింగ్ బోర్డు దగ్గర ఉంటుంది. పైనున్న మదర్‌బోర్డు నుంచి అక్కడికి ఒక సన్నటి వైరు బ్యాటరీ పక్క గాడిలోంచి వెళ్తుంది. రెండు చివర్లా ఆవగింజంత గుండ్రటి క్లిప్పు. జిగురంటుకున్న పాత బ్యాటరీని పెకిలించేటప్పుడు ఇది ఊడిపోవడం మామూలే. వైఫై యాంటెన్నా వేరు కాబట్టి దానికేమీ కాదు. ఫోన్ ఆఫ్ చేసి, అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసి, క్లిప్పుని సాకెట్ మీద నిటారుగా ఆనించి ప్లాస్టిక్ పుల్లతో నొక్కండి, టిక్కుమంటుంది. వాలుగా నొక్కితే సాకెట్ అంచు వంగిపోతుంది, అప్పుడు మాత్రం నిజంగానే షాపు పని.

నరసన్నపేట: ఐఎంఈఐ కనిపించినంత మాత్రాన బోర్డు బాగున్నట్టు కాదు తమ్ముడూ. సిగ్నల్‌కి బలమిచ్చే పవర్ యాంప్లిఫయర్ ఐసీ పోయినా ఐఎంఈఐ వస్తుంది.

విజయనగరం: అవును, వస్తుంది. అయినా ఊడిన వైరుందో లేదో చూడకుండా ఐసీ మార్చడానికని బోర్డు మీద వేడి పెట్టడం అన్యాయం కదండీ. సరిగ్గా ఉన్న బోర్డు కూడా ఆ వేడికి పాడవ్వచ్చు. షాపుకిచ్చినా సరే, ముందు వైరు, రెండు బోర్డుల్ని కలిపే స్ట్రిప్పు, షీల్డ్ (బోర్డు మీది మూత) స్క్రూలు నా ఎదురుగా చూడండి అని అడగడం కస్టమర్ హక్కు.

టెక్కలి: ఇంత టెన్షన్ ఎందుకు, ఒకసారి ఫ్లాష్ కొట్టిస్తే, అంటే సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కిస్తే, సరిపోదా? రీసెట్ చేసినా పర్లేదు.

విజయనగరం: ఊడిన వైరు సాఫ్ట్‌వేర్‌తో అతుక్కోదు బాబూ. రీసెట్ చేస్తే బ్యాకప్ లేని ఫొటోలు పోతాయి. ఫ్లాష్ తేడా కొడితే ఉన్న ఐఎంఈఐ కూడా ఎగిరిపోవచ్చు. అప్పుడు ఎవరో ఒకరు వేరే నంబరు ఎక్కిస్తామంటారు, దానికి ఒప్పుకోకండి. ఐఎంఈఐ మార్చడం నేరం. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం 3 ఏళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేవాళ్ళు కూడా కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి, ఆ నంబరు సరైనదో కాదో చెప్తుంది.

ఆమదాలవలస: *#06# కొడితే రెండు నంబర్లూ వచ్చాయండీ, బేస్‌బ్యాండ్ కూడా ఉంది. వైరు సంగతి నాన్నకి చెప్పాను. విప్పండి గానీ తీసిన స్క్రూలు ఏ చోటువి ఆ చోటే కాగితం మీద గీసి పెట్టండన్నారు. నరసన్నపేట అన్నగారూ, సాకెట్ అంచు ఇప్పటికే వంగి ఉంటే మీ దగ్గరికే తెస్తాం, మా ఎదురుగానే చూస్తారా?