అలాస్కాలోని యాంకరేజ్ నుంచి మార్చి చివర్లో స్నోమొబైల్‌కి (మంచు మీద నడిచే బండి) మెత్తటి మంచు ఎక్కడ?

రెండు బళ్ళు, రెండూ 850 సీసీ టూ-స్ట్రోక్, 154 అంగుళాల ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా). ట్రైలర్ మీద తీసుకెళ్ళి ఒక్క రోజులో తిరిగి రావాలి.

టర్నగెయిన్ పాస్ (కొండ కనుమ) చూశాం. సీవార్డ్ హైవేకి పడమటి వైపే బళ్ళకి అనుమతి. పార్కింగ్ దాదాపు 300 మీటర్ల ఎత్తులోనే, మధ్యాహ్నానికి మంచు నీళ్ళోడుతోంది. పైకి పోదామంటే 30 డిగ్రీలు దాటిన వాలులు. మాలో ఒకరు కొత్త, హిమపాతం ముప్పున్న చోటికి తీసుకెళ్ళం.

పీటర్స్‌విల్ రోడ్డులో వాలుల బెడద తక్కువే గానీ వారాంతం రద్దీకి దారంతా గట్టిపడి గతుకులు. అలాంటి చోట కూలర్ (ఇంజన్ వేడిని మంచుకి వదిలే భాగం) మీదికి పొడి మంచు ఎగిరిపడదు. స్క్రాచర్లు (గట్టి మంచుని గీకి పొడి లేపే కడ్డీలు) దించినా కూలెంట్ వేడి దిగట్లేదు, ట్రాక్ లోపలి స్లైడ్ రెయిల్స్ కింది ప్లాస్టిక్ పట్టీ అరిగిపోతోంది. పొద్దున్నే బయల్దేరినా పెద్ద తేడా లేదు. థాంప్సన్ పాస్ బాగుంటుంది, కానీ ఒక్క రోజుకి దూరం.

ఇక మిగిలింది గ్లెన్ హైవే 128వ మైలు దగ్గరి యురేకా, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ బళ్ళు దించాక ఏ వైపు వెళ్తే, 25 డిగ్రీలు దాటని వాలుల మీద, ఒక్క ట్యాంకు పెట్రోలుతో తిరిగి రాగలిగేంత దూరంలో మెత్తటి మంచు దొరుకుతుంది?