పట్టి విడుట కన్న ‘పడి చచ్చుటే’నా, ‘పరగఁ జచ్చుట’నా?

అనంతపురం: 1966 ఫోర్డ్ ముస్టాంగ్‌లోని సీ-ఫోర్ ఆటోమేటిక్ గేరుబాక్సుకు బ్యాండు (డ్రమ్ము చుట్టూ బిగిసి గేరు పట్టించే పట్టీ) సర్దే పద్ధతి షెడ్డు పిల్లోళ్ల కోసం తెలుగులో ఒక కాగితం మీద రాస్తాండా. తలమీద వేమన పద్యం పెట్టాలని ఉంది. ‘పట్టెనేని బిగియ పట్టవలయు’ దాకా నోటికొస్తాంది, మూడో పాదం కాడ ఆగిపోతాంది. ‘పడి చచ్చుటె మేలు’ అని కొందరు, ‘పరగఁ జచ్చుట మేలు’ అని కొందరు. ఏది పెట్టమంటారు?

కడప: ‘చచ్చుటె’ అని మాత్రం రాయొద్దన్నా. పట్టి, విడుట, కన్న: మూడు సూర్యగణాలు అయిపోయినాయి, ఇంక రెండు ఇంద్రగణాలు రావాలి. ‘పడిచచ్చు’ సలం, అదొక ఇంద్రగణం. మిగిలిన ‘టెమేలు’ జగణం, ఆటవెలదిలో దానికి చోటెక్కడ? ‘టే’ అని దీర్ఘం ఇస్తేనే తగణం, ఇంద్రగణం అవుతుంది. ‘పరగఁ జచ్చుట’ అయితే నగం, సలం. రెండూ నడుస్తాయి, యతి రెండింట్లోనూ పకారమే. ఛందస్సు ఆ దీర్ఘాన్ని తేలుస్తుంది గానీ పాఠాన్ని తేల్చదు.

ప్రొద్దుటూరు: అయితే ‘పరగ’నే, అంటే ‘ఒప్పుగా’ అని. నోటి పాఠంలో కఠినమైన మాట జారిపోయి తేలికది వచ్చి కూర్చుంటుంది. ‘పడి’ని ఎవరూ ‘పరగ’ చేయరు, ‘పరగ’నే ‘పడి’ చేస్తారు.

కదిరి: ఒప్పుకోను సామీ. ‘పరగ’ పాదం నింపుకునే మాట. ‘చెప్పులోని రాయి, చెవిలోని జోరీగ’ అన్న నోటికి అట్లాంటి పూరకం ఎందుకు? మా పక్కనున్న కటారుపల్లె సమాధి కాడ నిలబడి పద్యం చదివినోళ్లకు తెలుస్తాది, ఆయన మాట ఎంత సూటిగా ఉంటాదో.

ఆదోని: పాఠం మీరు తేల్చండి. నాకు భయం ‘బిగియ’తోనే. పిల్లోళ్లు అది చదివి బ్యాండును బిగించి వదిలేస్తే డ్రమ్ము మీద రాసుకుని లైనింగు కాలిపోతుంది. సీ-ఫోర్‌లో ఇంటర్మీడియట్ బ్యాండు రెండో గేరులో పట్టాలి, మూడోదానికి పోయేటప్పుడు విడవాలి. హై క్లచ్చుకు పోయే ఆయిలే సర్వో (బ్యాండును నొక్కే పిస్టను) విడుదల వైపుకూ పోయి బ్యాండును వదిలిస్తుంది. పట్టి విడవడమే దాని పని.

కాగితం మీద ఇట్లా రాయండి: బాక్సుకు ఎడమ పక్క ముందు భాగంలో ఇంటర్మీడియట్ స్క్రూ. చుట్టూ మట్టి తుడిచి, లాక్‌నట్ వదులు చేసి, స్క్రూను 10 ఫుట్‌పౌండ్లకు బిగించాలి. రెంచి న్యూటన్ మీటర్లలో ఉంటే 13.5. అక్కడి నుంచి సరిగ్గా ఒకటీ ముప్పావు చుట్టు వెనక్కి. స్క్రూ తల మీద సుద్దతో గీత గీస్తే లెక్క తప్పదు. స్క్రూ కదలకుండా పట్టుకొని, నట్ బిగించాలి. లో-రివర్స్ బ్యాండు స్క్రూ కుడి పక్క వెనకాల. అదే 10, అయితే మూడు చుట్లు వెనక్కి. ఈ రెండు లెక్కలు కలగాపులగం చేసినారంటే మళ్లీ కారు కింద పండుకోవాల్సిందే.

ప్రొద్దుటూరు: ‘పడి చచ్చు’ అంటే ఇప్పటి చెవికి మోజు పడడం. ‘ఆ కారంటే పడి చస్తాడు’ అంటాం కదా. ఆ అర్థం వేమన పద్యంలోకి దూరితే ఎట్లా?

కదిరి: ఇప్పటి అర్థం ఇప్పటిది. అక్కడ కిందపడి ప్రాణం పోవడమే. ఎత్తిన పని దించకుండా కూలిపోయే మనిషి కనపడతాడు. ‘పరగ’లో మనిషే లేడు.

కర్నూలు: అసలు జబ్బు బ్యాండుదేనా? డ్రైవులో ఒకటి బాగా లాగి, రెండులో ఇంజన్ ఊరికే అరిచి, మూడు మళ్లీ పట్టుకుంటే ఇంటర్మీడియట్ బ్యాండో దాని సర్వో సీలో. మూడో గేరూ రివర్సూ జారితే రివర్స్-హై క్లచ్చు (పైన చెప్పిన హై క్లచ్చే), దానికి ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు. రివర్స్ జారి, మాన్యువల్ లో (L) గేరులో ఇంజన్ బ్రేకు లేకపోతే లో-రివర్స్ బ్యాండు. గేరు ఆలస్యంగా, గట్టిగా గుద్దినట్టు పడితే వ్యాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజన్ వ్యాక్యూమ్‌ను బట్టి గేరు పడే అదను మార్చే డబ్బీ) గొట్టం పీకి చూడండి. లోపల ఎర్ర ఆయిల్ తడి ఉంటే డయాఫ్రమ్ చిరిగింది. ఆ గేరుబాక్సు ఆయిల్‌ను ఇంజన్ తాగేస్తాంటాది, సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తాది, కింద చుక్క కారకుండానే మట్టం పడిపోతాది.

ఆయిల్ కొలత బండి వేడెక్కినాక, చదును నేల మీద, ఇంజన్ నడుస్తుండగా, లివర్ను అన్ని గేర్లలోకి తిప్పి పార్కులో పెట్టి చూడాలి. మాడు వాసనతో నల్లబడి ఉంటే సర్దడం దండగ, విప్పాల్సిందే. లేత గులాబీ రంగు మజ్జిగలా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి నీళ్లు కలిసినట్టు. పోసేది టైప్ ఎఫ్ రకం ఆయిల్. డెక్స్‌రాన్ అనే ఇంకో రకం ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది, కానీ అందులోని ఘర్షణ తగ్గించే మందు వల్ల పట్టు మెత్తబడుతుంది.

కడప: ‘ఉప్పు కప్పురంబు’ పద్యం పెట్టాల్సింది దీనికే! చూపుకు ఒకటే, పట్టు వేరు. ‘పట్టు’ పద్యం కన్నా అదే నప్పుతుంది.

అనంతపురం: బాగుంది గానీ, అది ఆయిల్ డబ్బా పక్కన. బ్యాండుకు పట్టు పద్యమే కావాలప్పా. ‘పడి’నా, ‘పరగ’నా?

కడప: ఇంకో చిక్కు ఉంది. మూడో పాదం మొదట్లో ‘పట్టు విడుట’ అని కూడా చదువుతారు. గణం అదే. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించినప్పటికే రాతప్రతికొక తీరు.

కదిరి: మొదటి పాదంలో ‘పట్టి విడువరాదు’ అన్నాక మూడోదాంట్లోనూ ‘పట్టి’నే. ‘పట్టు’ అంటే పంతం ఒక్కటే అవుతాది, ‘పట్టి’ అంటే చేతబట్టిన ఏ పనైనా.

ప్రొద్దుటూరు: పద్యం మొదలే ‘పట్టు పట్టరాదు’ కదా, పంతం గురించి కాకపోతే దేని గురించి?

ఆదోని: కాగితం అచ్చుకు పోకముందే ఒక వరస చేర్చండి. పాత లాక్‌నట్ మళ్లీ వాడకూడదు, దాని సీలు ఒకసారికే. కొత్తది వేసి 35 నుంచి 45 ఫుట్‌పౌండ్లు, అంటే 47 నుంచి 61 న్యూటన్ మీటర్లు.