సోల్-జెల్ టైటానియం డయాక్సైడ్ పొర: వక్రీభవన గుణకం ఇంత తక్కువా?

సోల్-జెల్ పద్ధతిలో, అంటే ద్రావణం నుంచి, గాజు పలకలపై స్పిన్ కోటింగ్‌తో (పలకను వేగంగా తిప్పుతూ ద్రావణాన్ని పలచగా పరచడం) టైటానియం డయాక్సైడ్ పొరలు వేసి, 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తున్నాను. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో అనటేజ్ (టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపాల్లో ఒకటి) శిఖరాలు స్పష్టంగానే ఉన్నాయి. కానీ 550 నానోమీటర్ల దగ్గర వక్రీభవన గుణకం 2.0 దాటడం లేదు. రంధ్రాల్లేని అనటేజ్‌కైతే 2.5 చుట్టుపక్కల ఉండాలి. ద్రావణి ఆవిరయ్యాక మిగిలే సన్నటి రంధ్రాల వల్లేనా?

అసలు ఆ అంకెనే పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు. పొర మరీ పలచన కావడంతో ట్రాన్స్‌మిషన్ వక్రంలో ఇంటర్‌ఫియరెన్స్ అలలు సరిగా రావు, గుణకాన్నీ మందాన్నీ లెక్కగట్టే స్వానెపోల్ పద్ధతికి అవే ఆధారం. మందం పెంచుదామంటే పగుళ్లొస్తున్నాయి, అదో టెన్షన్. ఎలిప్సోమీటర్ (ధ్రువిత కాంతితో పొర మందం, గుణకం కొలిచే పరికరం) అందుబాటులో లేదు.

మందాన్ని విడిగా కొలిచి, పారదర్శకంగా ఉండే భాగం వరకే కౌషీ సమీకరణంతో (తరంగదైర్ఘ్యాన్ని బట్టి గుణకం ఎలా మారుతుందో చెప్పేది) ఫిట్ చేస్తే నమ్మొచ్చా? మందం కోసం పొర మీద పొర వేస్తే, పొరకూ పొరకూ మధ్య కాల్చాలా, ఆరబెడితే చాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి.