తిరుగుబాటు చేయని ఏఐ ఉన్న కథలు చెప్తారా?

ఏఐ అంటే మనకున్న భయాల్లో సైన్స్ ఫిక్షన్ వాటా ఎంతో వెతుకుతూ ఒక వ్యాసం రాస్తున్నాను. దొరికిన ఉదాహరణలన్నీ ఒకే దారిలో పోతున్నాయి. 1921లో ప్రదర్శించిన కారెల్ చాపెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’లో చాకిరీ కోసం పుట్టించిన రోబోలే చివరికి మనుషుల్ని తుడిచిపెట్టేస్తాయి. 1968 నాటి సినిమా ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో అంతరిక్ష నౌకను నడిపే కంప్యూటర్ హాల్ 9000కి ఒళ్లంటూ లేదు. ఒక ఎర్రటి కన్ను, తొణకని గొంతు, అంతే. బయట ఉన్న వ్యోమగామి తలుపు తీయమంటే ఎంతో మర్యాదగా కుదరదంటుంది. నిజం చెప్పాలంటే, అరిచే రోబోల కన్నా నాకు ఆ మర్యాదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

కానీ మన జీవితాల్లోకి వచ్చిన ఏఐ వేరు. లోన్ అప్లికేషన్‌ను పక్కన పడేస్తుంది, లేని విషయాన్ని ధీమాగా చెప్తుంది. దానికి పగా లేదు, ప్రేమా లేదు. ఇలాంటి చప్పటి యంత్రం చుట్టూ అల్లిన కథలేమైనా చదివారా? 1909లోనే ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన ‘ద మెషీన్ స్టాప్స్’ కొంత దగ్గరగా ఉంది. అందులో యంత్రం ఎవరి మీదా తిరగబడదు, మనుషులే అన్నిటికీ దాని మీద ఆధారపడిపోతారు. తెలుగువైనా, అనువాదాలైనా సరే.

ఇంకోటి, ఏదైనా కథ చదివి ఏఐ రంగంలోకి వచ్చినవాళ్లుంటే, పనిలో దిగాక ఆ ఊహ ఎంత మిగిలిందో చెప్తారా?