మంత్రి పదవికి అసలైన అర్హత ఏమిటి?

ప్రశ్న: రాజనీతి అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు

పెద్దలందరికీ నమస్కారం. నేను గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధిస్తున్నాను. ఈ మధ్య తరగతిలో రాజ్యాంగం 173వ అధికరణం చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి, పంచాయతీ కార్యదర్శి ఉద్యోగానికి డిగ్రీ ఉండాలి, పోటీ పరీక్ష నెగ్గాలి, మరి ఆ శాఖ మొత్తానికీ పెద్దదిక్కయిన మంత్రికి పౌరసత్వం, ఇరవై ఐదేళ్ల వయసు, ఓటర్ల జాబితాలో పేరు ఉంటే సరిపోతుందా అని అడిగింది. సరిపోతుందనే చెప్పాను. 164వ అధికరణం ప్రకారం చట్టసభలో సభ్యత్వం లేకపోయినా ఆరు నెలల వరకు మంత్రిగా ఉండవచ్చని కూడా చెప్పాను.

చట్టం ఏమంటుందో చెప్పడం తేలికే. ఏమనాలో చెప్పడమే కష్టం. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభలో చేసిన ముగింపు ప్రసంగంలో రాజేంద్రప్రసాద్ గారు తనకు మిగిలిపోయిన రెండు విచారాల్లో ఇది ఒకటని చెప్పుకున్నారు. చట్టాన్ని అమలు చేసేవారికి ఉన్నతమైన అర్హతలు కోరుతూ, చట్టాన్ని చేసేవారికి ఎన్నిక కావడం తప్ప మరో అర్హత కోరకపోవడం పొసగడం లేదని ఆయన బాధపడ్డారు. అదే ఊపులో, మనిషి నైతిక గుణాలను కొలిచే సాధనం కనిపెట్టడం తేలిక కాదని, అది సాధ్యపడనంత కాలం ఈ లోపం ఉండిపోతుందని కూడా అన్నారు. డెబ్బై ఐదేళ్లు దాటినా మనం అక్కడే ఉన్నాం.

చదువా, అనుభవమా, నిజాయితీయా, జనంలో ఉన్న ఆదరణా? వీటిలో ఏది లేకపోతే మనిషి ఆ కుర్చీకి తగడు? ఏ పార్టీ పేరూ ఎత్తకుండా మీ అభిప్రాయాలు రాయవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: న్యాయవాది, గవర్నర్‌పేట, విజయవాడ

అధ్యాపకులవారికి నమస్కారం. చదువు అనే అర్హత గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఈ చర్చ ఎక్కడ మొదలైనా ముందుగా అందరి నోటా వచ్చే మాట అదే.

మన దేశంలో ఈ ప్రయోగం జరిగింది. పంచాయతీ ఎన్నికల్లో పోటీకి రాజస్థాన్ 2014లో, హర్యానా 2015లో కనీస విద్యార్హత పెట్టాయి. హర్యానా చట్టాన్ని సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో సమర్థించింది కూడా. తీర్పును గౌరవిస్తూనే నా అభిప్రాయం చెబుతాను. ఆ నిబంధన వల్ల పోటీకి దూరమైనవారిలో ఎక్కువమంది బడి మొహం చూసే అవకాశం లేని ఆడవాళ్లు, దళితులు, పెద్ద వయసువాళ్లు. వారికి బడి లేకుండా చేసిన ప్రభుత్వాలే, బడికి పోలేదన్న కారణంతో వారిని పదవికి అనర్హులను చేశాయి. రాజస్థాన్ 2019లో ఆ నిబంధనను తీసివేసింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఇలాంటి షరతులన్నీ సర్పంచి దగ్గరే ఆగిపోతాయి. మన రాష్ట్రంలోనూ ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థలకు పోటీ చేయరాదన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చి, మూడు దశాబ్దాలు నడిచి, 2024 నవంబరులో రద్దయింది. దాన్ని చేసిన శాసనసభ్యులకు మాత్రం అది ఏనాడూ వర్తించలేదు.

చదువు లేకుండా రాష్ట్రాన్ని నడపవచ్చా అని అడిగేవారికి కామరాజ్ నాడార్ పేరు చెబుతాను. చిన్నతనంలోనే బడి మానేసిన ఆయన 1954 నుంచి 1963 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండి, ఊరూరా బడులు తెరిపించి, పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించారు. నాయకత్వ ఎన్నికలో తన మీద పోటీకి నిలిచిన సి. సుబ్రమణ్యం గారినే మంత్రివర్గంలోకి తీసుకున్నారు. తనకు లేనిది ఎదుటివారిలో గుర్తించి, దానికి చోటు ఇవ్వగలగడాన్ని నేను మొదటి అర్హతగా భావిస్తాను.

సమాధానం: విశ్రాంత సచివాలయ ఉద్యోగి, పటమట, విజయవాడ

న్యాయవాది గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే డిగ్రీ అక్కర్లేదన్న మాట చదవనక్కర్లేదన్న మాటగా మారిపోతుందేమోనని నా భయం. సెక్షన్ ఆఫీసరు స్థాయి నుంచి చాలా ఏళ్లు మంత్రుల పేషీలకు ఫైళ్లు పంపినవాణ్ణి కనుక, మంత్రి పని నిజానికి ఎక్కడ జరుగుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

మంత్రి పని సభావేదిక మీద కంటే నోట్ ఫైలులో ఎక్కువగా జరుగుతుంది. కింది నుంచి సెక్షన్ నోటు రాస్తుంది, సహాయ కార్యదర్శి తన మాట కలుపుతారు, ఖర్చుతో కూడినదైతే ఆర్థిక శాఖకు వెళ్లి వారి అభ్యంతరంతోనో ఆమోదంతోనో తిరిగి వస్తుంది, చివరికి కార్యదర్శి సిఫారసుతో మంత్రి బల్ల మీదికి చేరుతుంది. అప్పటికి ఆ ఫైలులో కనీసం రెండు పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు ఉంటాయి. రెండూ చదువుకున్నవారు రాసినవే, రెండింటికీ కారణాలు ఉంటాయి. అక్కడ తేల్చవలసినవాడు మంత్రి ఒక్కడే.

ఒక ఎత్తిపోతల పథకం ఫైలు విషయంలో నేను కళ్లారా చూసింది చెబుతాను. పెద్దగా చదువుకోని ఒక మంత్రిగారు ఫైలు ముందు పెట్టగానే, "ఆర్థిక శాఖ వద్దన్నది ఏ పేజీలో ఉంది?" అని అడిగారు. పేజీ తీసి చూపించాను. ఇంగ్లీషు నోటును నాచేత తెలుగులో చెప్పించుకుని, కరెంటు చార్జీలు ఎవరు కడతారన్న ఆ శాఖ ప్రశ్నకు ఇంజనీర్ల దగ్గర జవాబు లేదని పట్టుకుని, ఫైలు వెనక్కి పంపారు. రెండు నెలల తర్వాత లెక్కలతో మళ్లీ వచ్చినప్పుడు, ఎందుకు ఒప్పుకుంటున్నదీ సొంత దస్తూరితో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. పెద్ద చదువులు చదివిన మరొకరు ఇదే తరహా ఫైళ్ల మీద "ప్రతిపాదించినట్లు" అన్న ఒక్క మాట కింద సంతకాలు చేసుకుంటూ పోయేవారు. తప్పు జరిగిన రోజున అధికారులు తప్పుదోవ పట్టించారని వారే అన్నారు.

కాబట్టి నా మట్టుకు అర్హత ఇది: తనకు ఇష్టంలేని అభిప్రాయాన్ని చివరిదాకా వినే ఓపిక, విన్నాక తేల్చే తెగువ, తేల్చినదానికి కారణం రాసి తన పేరు పెట్టే బాధ్యత. ఈ మూడూ ఒక మనిషిలో ఉన్నాయో లేవో మంత్రి అయ్యాకే తెలియనక్కర్లేదు. అతను కార్పొరేటరుగానో, జిల్లా పరిషత్తు సభ్యుడిగానో, సహకార సంఘం అధ్యక్షుడిగానో ఉన్నప్పుడు ఏం చేశాడో మినిట్స్ పుస్తకాల్లో ఉంటుంది. చిన్న అధికారం చేతిలో ఉన్నప్పుడు ఎదురు చెప్పిన గుమాస్తాను బదిలీ చేయించినవాడు, పెద్ద అధికారం వచ్చాక కార్యదర్శి మాట వింటాడని నేను నమ్మను.

సమాధానం: గృహిణి, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

పెద్దవారు ఫైళ్ల గురించి చెప్పారు. మేము నీళ్లలో చూసినది చెబుతాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా కాలనీల మీద పడింది. బుడమేరు వరదను వెలగలేరు దగ్గర మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారన్న సంగతి మాలో చాలామందికి ఆ వారమే తెలిసింది. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. నది అంత నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని లోపలికి తీసుకోదు, ఎదురు తన్నుతుంది. గట్లకు గండ్లు పడ్డాయి. ఈ రెండు వరదలూ ఒకేసారి వస్తే ఏం చేయాలన్న ప్రశ్న ఎండాకాలంలో అడగవలసినది. అడగగలిగిన పదవుల్లో ఉన్నవారు ఎంతమంది అడిగారో నాకు తెలియాలి.

ఆ రోజుల్లో మా వీధికి చాలామంది వచ్చారు. ట్రాక్టరు మీద నిలబడి ధైర్యం చెప్పి వెళ్లినవారిని నేను తప్పుపట్టను, ఆ మాట కూడా అవసరమే. కానీ ఒక ప్రజాప్రతినిధి మాత్రం, మా మామగారి డయాలసిస్ గురించి నేను అడిగితే, "అమ్మా, ఆస్పత్రికి పడవ వెళ్తోందో లేదో నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అన్నారు. చేతిలోని నోటు పుస్తకంలో మా ఇంటి నంబరు, రోగి వయసు, మళ్లీ డయాలసిస్ ఎప్పటికి చేయాలో రాసుకున్నారు. చీకటి పడకముందే పడవతో మనిషిని పంపారు. ఆ పుస్తకంలో మా పేరుకు పైన ఇంకా చాలా పేర్లు ఉన్నాయి, కొన్నిటికి టిక్కు పెట్టి ఉంది.

తెలియనిది తెలియదని చెప్పగలగడం, చెప్పిన వేళకు తిరిగి రావడం. నా ఓటుకు ఈ రెండూ చాలు. చదువు ఎంతని నేను ఆయన్ని అడగలేదు.

సమాధానం: చిరు వ్యాపారి, పట్నంబజారు, గుంటూరు

అందరూ ఎన్నికయ్యాక ఏం చేయాలన్నదే రాస్తున్నారు. ఇన్ని గుణాలున్న మనిషి నామినేషన్ దాకా ఎలా వస్తాడో ఒక్కసారి ఆలోచించండి. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం మన రాష్ట్రంలో పెట్టిన పరిమితి 40 లక్షల రూపాయలు. ఆ పరిమితిలోపల ఎన్నిక నడుస్తుందని నమ్మేవారు మా బజారులో ఎవరూ లేరు. పార్టీ అభ్యర్థి ఇతనేనని చెప్పే బీఫారం చేతికొచ్చే నాటికే అసలు పరీక్ష అయిపోయి ఉంటుంది, ఆ పరీక్షలో ఓటరుకు పాత్ర లేదు.

క్రిమినల్ కేసులున్నవారిని నిలబెట్టే పార్టీలు అందుకు కారణం రాసి ప్రకటించాలని, గెలిచే అవకాశం ఉందన్నది ఒక్కటే కారణంగా చూపరాదని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆ ప్రకటనలు పత్రికల్లో వస్తాయి. ఈసారి చదవండి. కేసులున్న అభ్యర్థికి పార్టీ రాసిన కారణంలో ఆయన చేసిన పని ఏదైనా కనిపిస్తుందేమో చూడండి. అర్హతను నిర్ణయించే పని మనం పార్టీలకు వదిలేశాం. ముందు దాన్ని మన చేతుల్లోకి తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన: రాజనీతి అధ్యాపకుడు, బ్రాడీపేట

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వ్యాపారి గారి మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. అభ్యర్థుల అఫిడవిట్లు, ఈ కారణాల పత్రాలు వచ్చే తరగతిలో విద్యార్థులచేత చదివించాలనుకుంటున్నాను.

పటమట పెద్దలను ఒక్క సంగతి అడగాలి. మీరు చెప్పిన కొలతకు టంగుటూరి ప్రకాశం పంతులుగారు నిలుస్తారా? తెగువలోనూ త్యాగంలోనూ ఆయనకు సాటి వచ్చేవారు తెలుగునాట అరుదు. అయినా మద్రాసులో 1946 ఏప్రిల్‌లో ప్రభుత్వ పగ్గాలు చేపట్టిన ఆయన్ని ఏడాది తిరగకుండానే సొంత పార్టీవారే దించారు. ఆంధ్ర రాష్ట్రంలో 1953 అక్టోబరు 1న ముఖ్యమంత్రి అయి, మరుసటి ఏడాది నవంబరులో మద్యనిషేధం వ్యవహారం మీద సభలో ఓడిపోయారు. పదిమందిని కలుపుకుపోలేనివారికి ఆ పదవికి అర్హత ఉన్నట్టేనా?

సమాధానం: విశ్రాంత సచివాలయ ఉద్యోగి, పటమట

సరైన చోట పట్టుకున్నారు. కలుపుకుపోవడం కూడా ఒక అర్హతే, ఆ విషయంలో పంతులుగారికి తక్కువ మార్కులే వేస్తాను. నేను చెప్పిన మూడింటికి దాన్ని నాలుగోదిగా చేర్చుకోండి.

అయితే పదవిలో ఎన్ని రోజులున్నారన్నది కొలబద్దగా పెట్టుకోకండి. ఆయన ఆంధ్ర ముఖ్యమంత్రిగా ఉన్నది పదమూడు నెలలు. రాజధాని కర్నూలులో గుడారాల మధ్య నడుస్తున్న కాలం అది. ఆ వ్యవధిలోనే మీ గుంటూరులో హైకోర్టు ఏర్పడింది, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. 1952లో కృష్ణ మీద పాత ఆనకట్టకు గండి పడి డెల్టా రైతు దిక్కుతోచక ఉంటే, కొత్త బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగింది. అది 1957లో పూర్తయ్యే నాటికి ఆయన లేరు. ఐదేళ్లు నిండుగా కుర్చీలో కూర్చున్నవారి పేర్లు పక్కన పెట్టి, వారి కాలంలో మొదలైన ఇలాంటి పనుల జాబితా రాయమని మీ విద్యార్థులకు చెప్పండి. ఆ పనుల ఫైళ్లలో కారణాలు ఎవరి దస్తూరితో ఉన్నాయో కూడా సమాచార హక్కు చట్టం కింద అడిగి తెప్పించుకోవచ్చు. దరఖాస్తు ఎలా రాయాలో నేను చెబుతాను.