ఆంజే (ఫ్రాన్స్)లో ఏడాది పొడవునా పరుగు, సైకిల్: అక్కడున్నవాళ్లు చెప్పండి

గోదారిగట్టు: సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి ఆంజే వస్తున్నా. రాజమండ్రిలో రోజూ పొద్దున గట్టు మీద పరుగు అలవాటు. అక్కడ చలికాలం కుదురుతుందా? సైకిల్ ఇక్కణ్ణుంచి తేవాలా?

మేన్_ఒడ్డున: సైకిల్ మోసుకురాకు తమ్ముడూ, ఇక్కడ సెకండ్ హ్యాండ్‌వి బోలెడు. చలికి బెంగపడకు, మంచు పడేది అరుదు. అసలు తంటా నీళ్లతో. మాయెన్, సార్త్ నదులు ఊరికి పైనే కలిసి మేన్ అవుతాయి. వరదలొచ్చేది చలికాలంలోనే. ఎండాకాలంలో పడవలో దాటి ఆవుల మధ్య పరిగెత్తే సెంతోబాన్ దీవి జనవరికి నీళ్లకింద ఉంటుంది, కంచె గుంజల కొసలు మాత్రం పైకి కనిపిస్తాయి. అప్పుడు మాకు సెం నికొలా చెరువే గతి. పాత పలకరాతి క్వారీల పక్కనుంచి ఎగుడుదిగుడు దారి, పిక్కలు పట్టేస్తాయి.

ఓరుగల్లు_పెడల్: నీళ్లకన్నా చీకటితోనే పరేషాన్ అన్నా. డిసెంబర్‌ల తొమ్మిది కావొస్తే గానీ తెల్లారదు, అయిదుంబావుకే పొద్దు గూకుతది. రాత్రి ఊరు దాటితే సైకిల్ మీద మెరిసే జాకెట్ ఉండాలె, అది రూల్. చెవుల ఇయర్‌ఫోన్ పెట్టి తొక్కితే 135 యూరోల ఫైన్.

గోదారిగట్టు: మరి గట్టు లాంటిదేమైనా ఉందా అండీ?

మేన్_ఒడ్డున: లువార్ నదికి ఉంది. పోన్ ద సే ఊరు దాటాక సొమ్యూర్ వైపు పొడుగూతా గట్టే. కానీ దానిమీద తారు రోడ్డు, కార్లు రయ్యిమంటూ పోతాయి, పరుగుకి పనికిరాదు. సైకిలైతే బూష్‌మేన్ మీదుగా సావెన్యేర్ ద్రాక్షతోటల దాకా వెళ్లు. గాలి ఎక్కువగా పడమటినుంచే, కాబట్టి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోసుకొస్తుంది.

ఓరుగల్లు_పెడల్: తోస్తదని నమ్మకు, ఒక్కోసారి తిరిగొచ్చేలోపు గాలే మారుతది 😀

చెనిన్_తోట: పల్లె దారుల్లో ఆకురాలే కాలం నుంచి ట్రాక్టర్లతో ముళ్లపొదల కంచెలు కత్తిరిస్తారు. ముళ్లన్నీ రోడ్డు మీదే. నల్లగా, సూదంత ఉంటాయి, ట్యూబులో విరిగి కూర్చుంటాయి. టైరు లోపల వేలు పెట్టి తడిమి తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. అడవుల్లో పరిగెత్తేవాళ్లు వేట సీజన్లో రంగు చొక్కా వేసుకోండి. పరుగు పోటీలకి ఇప్పుడు డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పీపీఎస్ అని ఆరోగ్య జాగ్రత్తలు చెప్పే చిన్న కోర్సు ఆన్‌లైన్‌లో ఉంటుంది, అది పూర్తిచేసి నంబర్ తీసుకుంటే చాలు.

గోదారిగట్టు: ఎండాకాలం మనకి లెక్కేనా?

చెనిన్_తోట: నేనూ అలాగే అనుకునేదాన్ని. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుగే. గడియారం ముందుకు జరిపి ఉంటుంది కాబట్టి వడగాడ్పు రోజుల్లో ఎండ ముదిరేది సాయంత్రం అయిదు, ఆరింటికి. క్లాసయ్యాక పరిగెడదామంటే సరిగ్గా అదే టైము. పొద్దున్నే కానిచ్చేయి. ఇంకోటి, స్టూడెంట్ రూముల్లో సీలింగ్ ఫ్యాను ఉండదు, టేబుల్ ఫ్యాను మేలోనే కొనిపెట్టుకో.